దూరమునుండి మనోవైద్యము

మేము చిన్ననాట నెఱిగిన శంషాబాదు బెంగుళూరు బాటమీద నొక సామాన్యమైన యూరు. చుట్టును ద్రాక్షతోటలు, జొన్నచేలు, కొంత యెడముగా ఉందానగరు రైలుస్టేషను, నార్కూడ దారిని అమ్మపల్లి రాములవారి గుడి. ఇంతకు మించి చెప్పుకొనదగినది లేకుండెను. 2008వ సంవత్సరము మార్చి నెలలో అయిదువేల యెకరములకు పైబడిన నేలమీద విమానాశ్రయము తెఱవబడినది మొదలు ఈ ప్రాంతమున రాత్రికిని పగటికిని భేదము పోయినది. విమానమునకు వేళ లేదు గనుక దానిని కనిపెట్టుకొని బ్రతుకు మనుష్యునికిని వేళ లేదు. మా పాఠశాలకు వచ్చు పిల్లల తండ్రులలో టాక్సీ నడుపువారు, సామాను మోయువారు, కావలి కాయువారు కలరు. తల్లులలో విశ్రాంతిగదులు తుడుచువారు, వంటశాలలలో పొట్లములు కట్టువారు కలరు. తల్లి రాత్రి పదిగంటలకు పనికి పోవును, తండ్రి తెల్లవాఱుజామున ఇల్లు చేరును. నడుమ పిల్లలు తామే తలుపు గడియ వేసికొని, తామే అన్నము వడ్డించుకొని, చేతిలో ఫోనుతో నిద్రపోవుదురు. దీనిని ఆ తల్లిదండ్రుల దోషముగా మేము వ్రాయుట లేదు. ఆ రాత్రి కూలితోనే వారి బిడ్డల బడిరుసుము చెల్లుచున్నది.

ఇట్టి యిండ్ల పిల్లల మనోవేదనకు ఫోనుద్వారా, తెరద్వారా దొరకు వైద్యము నమ్మదగినదేనా, నమ్మదగినదైనచో దానిని గుర్తించుట యెట్లు అను ప్రశ్న గడచిన రెండు సంవత్సరములలో మాకు గట్టిగా ఎదురైనది. మేము వైద్యులము గాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మనోవిజ్ఞానశాస్త్రము నొక పత్రముగా చదివి పరీక్ష నిచ్చితిమి. ఆ చదువు బాలుని బుద్ధి యెట్లు వికసించునో చెప్పినది గాని, ముడుచుకొని పోయిన బాలుని ఎవరియొద్దకు గొనిపోవలయునో చెప్పలేదు. కావున మేము తెలిసికొన్నదానిని ఈ సంచికలో తల్లిదండ్రుల యెదుట నుంచుచున్నాము. ఇందు ముచ్చటింపబడు బాలికయు, ఆమె తల్లియు దీనిని చదివి సమ్మతించిన పిమ్మటనే అచ్చున కిచ్చితిమి. ఆమెను గుర్తుపట్టగల వివరములు విడిచిపెట్టితిమి.

ఆమె అప్పుడు పదవ తరగతి. ఆగస్టు నెలనుండి ఆమె దస్తూరి చిన్నదగుచు వచ్చెను. ఉపాధ్యాయులకే తెలియు గుర్తులు కొన్ని యుండును. ఇది వానిలో నొకటి. జూను నెలలో గీతకు గీత తాకునట్లు గుండ్రముగా వ్రాసిన పిల్ల, సెప్టెంబరు నాటికి చీమలబారువలె వ్రాయసాగెను. అన్నపు డబ్బా మూత తీయకయే యింటికి తిరిగి పోవుచుండెను. ముందు బల్లనుండి వెనుక బల్లకు, వెనుక బల్లనుండి కిటికీమూలకు జరిగెను. ఒకనాడు గణితపు పరీక్షలో పేరు మాత్రము వ్రాసి కాగిత మిచ్చివేసెను. పిలిచి యడిగితిమి. "ఏం లేదు సార్, బుగులైతున్నది" అనెను. దేనికని యడిగిన, "దేనికో ఎర్కలేదు. పొద్దుగాల లేస్తనే అయితది" అని తలవంచుకొనెను.

ఇంటివారు చూచుచు ఊరకుండలేదు. తండ్రి కొత్తూరు దాటి జహంగీరు పీరు దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొని వచ్చెను. మేనత్త ప్రార్థన కూటమునకు గొనిపోయెను. పొరుగింటి యవ్వ దిష్టి తీసెను. వీనిలో దేనిని మేము పరిహసింపము. ప్రక్కన గూర్చుండి చేయిపట్టుకొను మనుష్యుడు దొరకుట ఎచ్చటనైనను మేలే. ఐనను నెల గడచినను అన్నపు డబ్బా నిండుగానే పోవుచుండెను.

2015, 2016 సంవత్సరములలో మనదేశమున కొన్ని రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పదుమూడు మొదలు పదునేడేండ్ల వఱకు గల పిల్లలలో వందకు 7 మందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నారని లెక్కగట్టినది. ఆ లెక్క మన ప్రాంతమునకును సుమారుగా చెల్లునని యనుకొన్నచో, నలువదిమంది గల తరగతిలో దాదాపు ముగ్గు రుందురు. హాజరు పిలుచునపుడు ఆ ముగ్గు రెవరా యని మేము అప్పుడప్పుడు కన్నులెత్తి చూచుచుందుము.

మనోవైద్యునికి చూపింతమని మేము తండ్రితో ననగా, ఆయన చాలసేపు నేలచూపులు చూచి, "సారూ, ఎర్రగడ్డ అనంగనే మావోళ్ళు ఏమంటరో మీకు తెల్వదా? రేపు పిల్లకు సంబంధం ఎట్లొస్తది?" అనెను. హైదరాబాదు నగరమున పుట్టి పెరిగినవారికి ఈ మాట విడమరచి చెప్ప నక్కఱలేదు. ఎఱ్ఱగడ్డ యన్నది ఒక పేట పేరు. అచ్చట మానసిక వైద్యశాల యుండుటచేత అది యొక తిట్టు పేరైనది. తరగతిలో నొకడు వింతగా మాటలాడిన తక్కినవారు "వీని ఎర్రగడ్డకు తోలాలె" అని నవ్వుట మేము ఎన్ని మాఱులు వినలేదు! దానికి తోడు దూరము. శంషాబాదునుండి ఆరాంఘరు, మెహిదీపట్నముల మీదుగా బండ్లు మాఱి అచ్చటికి పోయి వచ్చుటకు ఒక పూట సరిపోదు. ఒకనాటి కూలి పోవును. అందుచేత ఆ తండ్రి, "ఫోన్ల మాట్లాడే డాక్టర్లు ఉన్నరట గద సార్, గట్ల చేద్దాం" అనెను. ఈ దూరవైద్యము నాశ్రయించువారు సౌకర్యము కొఱకే పోవుచున్నారని కొందఱు తలంతురు. మా ప్రాంతమున మాత్రము సిగ్గును, బస్సుచార్జీయును కలిసియే వారిని అటు త్రోయుచున్నవి.

ఆయన ఫోనులో నొక ప్రకటనను చూపెను. నవ్వుచున్న మొగము, ఇరువదియొక్క దినములలో ఆందోళన మాయమగునను పూచీ, పది కూర్చుండుళ్ళకు ముందే సొమ్ము చెల్లించినచో సగము తగ్గింపు. మేము వారికి మూడు ప్రశ్నలు వ్రాసి పంపితిమి: మీరు చదివిన చదువేది, ఏ పట్టికలో మీ పేరు నమోదైనది, బిడ్డకు అపాయకరమైన తలపు కలిగినచో అర్ధరాత్రి మీరేమి చేయుదురు? మొదటిదానికి ఏవో ఆంగ్లాక్షరములు నాలుగు వచ్చినవి. రెండవదానికి జవాబు లేదు. మూడవదానికి, ఈవారము లోపల సొమ్ము కట్టినచో మఱికొంత తగ్గింపు కలదని జవాబు వచ్చినది! అంతటితో ఆ వ్యవహారమును ముగించితిమి.

ఇచ్చట కొంత విషయము తెలిసికొనుట యవసరము. మనస్సునకు చికిత్స చేయుదుమని చెప్పుకొనువా రందఱు నొక్కటి గారు. సైకియాట్రిస్టు వైద్యశాస్త్రము చదివి మానసిక రోగములలో విశేషశిక్షణ పొందిన డాక్టరు, మందు వ్రాయగలడు, ఆయన పేరు రాష్ట్ర వైద్యమండలి పట్టికలో నొక సంఖ్యతో నుండును. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయడు. పరీక్షించి, మాటలద్వారా, అభ్యాసములద్వారా చికిత్స చేయును. 1992వ సంవత్సరపు చట్టముచేత నేర్పడిన భారత పునరావాస మండలి పట్టికలో ఆయనకును సంఖ్య యుండును. ఈ రెండు పట్టికలను ఇంటర్నెట్టులో ఎవరైనను చూడవచ్చును. మూడవవారు కౌన్సెలర్లు. వీరిలో మనశ్శాస్త్రమున ఎం.ఏ. చదివి, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొంది, ఓర్పుతో పనిచేయువారు కలరు. వారాంతమున రెండు దినముల తరగతికి పోయి బిరుదు తగిలించుకొన్నవారును కలరు. ఆచరణలో ఆ పేరు ఎవరైనను పెట్టుకొనవచ్చును గనుక, మొదటి యిద్దఱి విషయమున పట్టికను, వీరి విషయమున చదువును, శిక్షణ యిచ్చినవారిని అడిగి తెలిసికొనవలయును. అడిగినందులకు కోపగించువానిని విడిచిపెట్టుట మంచిది. యోగ్యుడు సంతోషముతో చెప్పును. మేము అడిగినవారిలో నిజమైన చదువు గలవా రందఱు వెంటనే చెప్పిరి.

కరోనా కాలమున, 2020 మార్చి 25న, దూరవైద్యమునకు ప్రభుత్వపక్షమున నియమావళి ప్రకటింపబడినది. దానిలో మాకు పనికివచ్చిన సంగతులు మూడు. డాక్టరు తన నమోదు సంఖ్యను మందుచీటిమీదను, రసీదుమీదను, పంపు సందేశములయందును చూపవలయును. రోగి మైనరైనచో పెద్దవారొకరు వెంట నుండినగాని సంప్రదింపు జరుపరాదు. ఆ పెద్దవా రెవరో డాక్టరు నిర్ధారించుకొనవలయును. మూడవది యందఱును గమనింపదగినది: కృత్రిమమేధతో నడచు యంత్రము రోగికి తానుగా సలహా చెప్పుటగాని, మందు వ్రాయుటగాని కూడదు, అది డాక్టరునకు సాయపడవచ్చును, అంతే.

ఈ మూడవదానిని ఏల యెత్తి చెప్పుచున్నామనగా, ఆ బాలిక అప్పటికి రెండు నెలలుగా రాత్రులందు ఫోనులోని యొక మాటలయంత్రముతో తన బాధ చెప్పుకొనుచున్నదని పిమ్మట తెలిసినది. ఇది నేటి వింత గాదు. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను శాస్త్రజ్ఞుడు ఎలిజా యను పేర నొక కార్యక్రమమును ప్రకటించెను. మనము "నాకు దుఃఖముగా నున్నది" అని కొట్టిన, "మీకు దుఃఖ మేల కలిగినది?" అను విధముగా మన మాటనే త్రిప్పి యడుగును. దాని లోపల ఏమియు లేదని తెలిసిన ఆయన కార్యదర్శినియే దానితో కొంతసేపు మాటలాడి, ఆయనను గదినుండి బయటికి పొమ్మనెనని ఆయన స్వయముగా వ్రాసినాడు. వినువా డొకడున్నాడను భ్రమకే మనుష్యుడు అంత ఆశపడును. పదునైదేండ్ల పిల్ల, అర్ధరాత్రి, ఇంట నెవరును లేనపుడు ఆశపడుటలో వింత యేమున్నది? ఆమెను మేము తప్పుపట్టలేదు. యంత్రము ఆమె మొగము చూడలేదు, ఆమె తల్లిని లేపలేదు, ఎవరికిని జవాబుదారి గాదు అని మాత్రము చెప్పితిమి.

పిమ్మట తల్లియు మేమును కలిసి పాఠశాల పుస్తకశాలలో కూర్చుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసితిమి. దీని పేరు టెలి మానస్. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, దీనిని ప్రారంభించినది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ దీనికి మార్గదర్శి. ఇరువది భాషలలో, రాత్రింబవళ్ళు, రుసుము లేకుండ పనిచేయును. మొదట శిక్షణ పొందిన కౌన్సెలరు మాటలాడును. అవసరమైన పైనున్న నిపుణులకు అప్పగించును. భాష నెంచుకొనుమని యంత్రస్వర మొకటి పలికిన పిమ్మట తెలుగున నొక స్త్రీ మాటలాడెను. బిడ్డ వయ స్సెంత, నిద్ర యెట్లున్నది, ప్రక్కన ఎవరున్నారు అని యడిగి, బిడ్డతో ఒంటిగా మాటలాడుదునని కోరెను. తల్లియు మేమును వరండాలో నిలుచుంటిమి. దాదాపు అరగంట పట్టెను.

ఆమె ఆ బాలికను చావు తలపులు వచ్చుచున్నవా యని సూటిగా నడిగినది. తల్లికి ఇది తెలిసి మొదట భయము కలిగెను. లేనిపోని తలపు పిల్ల బుఱ్ఱలో పెట్టినట్లు కాదా యని. అట్లు గాదు. నెమ్మదిగా, నిందింపక అడుగుటచేత ఆ తలపు పుట్టదని, ఒంటిగా మోయుచున్న బరువు దింపుకొనుటకు చోటు దొరకునని ఈ శాస్త్రమున పనిచేయువా రందఱు చెప్పుచున్నారు. బాలిక, "పండుకుంటే మల్ల లేవకుండ ఉంటే మంచిగుండు అనిపిస్తది" అని చెప్పినదట. ఈ మాట ఇంట నెవరితోను అనలేదు. తాయెత్తు కట్టినవారితోను అనలేదు, మాతోను అనలేదు. మొగము కానరాని యొక స్త్రీతో అనెను. కానరాకపోవుటయే కొన్ని మాఱులు మేలు చేయునని మాకప్పుడు తోచెను.

ఆ స్త్రీ తల్లికి చెప్పిన మాట స్పష్టము: బిడ్డను ఒంటిగా ఉంచవద్దు; ఇంటిలోని మందులు మొదలగునవి చేతికందకుండ ఉంచుడు; రెండు మూడు దినములలో సైకియాట్రిస్టునకు నేరుగా చూపుడు; తెరమీద గాదు. ఇదియే నమ్మదగినవారి ముఖ్యలక్షణమని మా యభిప్రాయము. తనచేత గానిదానిని గాదని చెప్పి, చేయగలవారి యొద్దకు పంపును. ఇరువదియొక్క దినముల పూచీ యిచ్చినవాడు అట్లు చెప్పునా?

తల్లి రాత్రిపని మానుకొని మఱునాడే "పోదాం పా బిడ్డా, ఎవలేమన్నా అననీ" అని ఎఱ్ఱగడ్డకే బయలుదేరెను. మేమును తోడు పోతిమి. అక్కడ మాకు కానవచ్చినది చెట్లనీడ, చీటీల వరుస, ఒడిలో పిల్లలతో తల్లులు, పాలమూరునుండి వచ్చి అన్నము మూట విప్పుకొనుచున్న ఒక ముసలిజంట. నవ్వులాటలలో విన్న ఎఱ్ఱగడ్డ మాకు కానరాలేదు. డాక్టరు ఆమెను చూచి, రక్తపరీక్ష చేయించి, అప్పటికి మందు అక్కఱలేదని, వారమున కొకమాఱు మాటల చికిత్స కావలెనని, నెలకొకమాఱు తనకు చూపవలెనని వ్రాసి యిచ్చెను. వారమున కొకమాఱు అంత దూరము పోవుట సాధ్యము గాదు. అప్పుడు గదా తెరమీది చికిత్సకు సరియైన తావు దొరికినది!

మొదట కుదిరిన సైకాలజిస్టు పట్టికలో నున్నవాడు, మర్యాదస్థుడు. వేఱొక రాష్ట్రమున నుండి ఆంగ్లమున, హిందీలో మాటలాడువాడు. మూడు వారములు గడచెను. బాలిక ప్రశ్నలకు "యెస్ సార్, నో సార్" అనుటయే గాని నోరు విప్పలేదు. తరగతిలో ఆంగ్లమున జవాబు చెప్పునపుడు వచ్చు బెదురే అక్కడను వచ్చినది. "బుగులు" అను మాటను ఆంగ్లమున ఏమనవలెనో ఆమెకు తెలియదు. నిజము చెప్పవలెనన్న మాకును తెలియదు. భయ మన్నచో దేనినో చూచి కలుగునది. బుగులు కడుపులో ఊరక సుడితిరుగును. ఆ మాట నెఱుగనివాడు ఆ పిల్ల రోగమును సగమే వినును. ఆయనయే ఇది గ్రహించి, తెలుగు తెలిసినవారిని చూచుకొనుడని చెప్పి, మిగిలిన రుసుమును తిరిగి యిచ్చెను. ఆయనయందు మాకు మిక్కిలి గౌరవము.

రెండవ యామె నల్లగొండ వైపు మనిషి. మొదటిదినముననే, "బుగులు ఎక్కడ అయితది తల్లీ, ఛాతిలనా, కడుపులనా?" అని యడిగెను. బాలిక తెరవంక తలయెత్తి చూచి, "కడుపుల మేడం" అనెను. అటుపిమ్మట వాన కురిసినట్లు మాటలాడెనని తల్లి చెప్పినది. పట్టికలో సంఖ్య చూచుట ఎంత యవసరమో, బిడ్డ ఇంట నాడు మాట వైద్యునికి తెలియుట అంత యవసరమని మేము తల్లిదండ్రులకు గట్టిగా చెప్పుచున్నాము.

చికిత్స ఎక్కడ జరుగవలెననునది మఱియొక చిక్కు. ఆ యింట గది యొక్కటే. తండ్రి రాత్రంతయు బండి నడిపి పగలు ఆ గదిలోనే నిద్రించును. ఫోను తండ్రిది, చార్జి ఎప్పుడును పదింటికి రెండుపాళ్ళే. మేము ప్రధానోపాధ్యాయుల యనుమతితో పుస్తకశాల ప్రక్కనున్న పటములగదిని బడి విడిచిన పిమ్మట ఇప్పించితిమి. తల్లి వరండాలో కూర్చుండును. పెద్దవారు వెంట నుండవలెనను నియమము అట్లు చెల్లుచుండెను. ఇంకొక చిక్కు విమానములది. గాలి యటు తిరిగిన దినములలో అవి మా కప్పు మీదుగానే దిగును. బాలిక ఏడ్చుచు చెప్పుచున్న మాటకు నడుమ ఆ హోరు! మొదట మొదట ఆ సైకాలజిస్టు "వినబడలేదు, మళ్ళీ చెప్పు" అనుచుండెను. ఏడ్పును రెండవమాఱు చెప్పు మనుట యెట్లు? పిమ్మట వారిద్దఱు నొక ఒప్పందము చేసికొనిరి. విమానము వచ్చినపుడు ఇద్దఱు నూరకుందురు, ఊపిరి లెక్కపెట్టుకొందురు, అది పోయిన పిమ్మట మొదలు పెట్టుదురు. ఊపిరి పీల్చుట విడుచుట ఆ చికిత్సలో నేర్పవలసిన యభ్యాసమే యట.

చికిత్స యనగా ఓదార్పని మేము తలంచుచుంటిమి. కాదు, అందును ఇంటిపని కలదు! అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు 1960వ దశకమున రూపొందించిన పద్ధతి ననుసరించి, బుగులు వచ్చిన వేళ, అప్పుడు తోచిన తలపు, ఆ తలపు నిజమనుటకు సాక్ష్యము, కాదనుటకు సాక్ష్యము అని గళ్ళు గీసి వ్రాయవలెను. బాలిక మాకు ఆ గళ్ళను చూపెను గాని వ్రాతను చేతితో మూసికొనెను. మేమును చూడ గోరలేదు. గీతలు కొలబద్దతో గీసినవి. అక్షరములు కొంచెము పెద్దవైనవి.

ఆమె మూసికొన్న ఆ చేయి మాకు చాల సంగతులు తెలిపినది. బిడ్డ లోపల ఏమి చెప్పినదో తెలిసికొనవలెనని తండ్రికి సహజముగా ఆతురత. "పైసలు నేనే గద కడ్తున్న" అని ఆయన మాట. సైకాలజిస్టు మొదటిదినముననే అందఱి యెదుట హద్దులు చెప్పినది: బిడ్డ చెప్పినది తనయొద్ద నుండును, బిడ్డ ప్రాణమునకుగాని, ఇతరుల ప్రాణమునకుగాని అపాయమైనచో తల్లిదండ్రులకు చెప్పును, ఎవరైనను బిడ్డపై అత్యాచారము చేసినట్లు తెలిసినచో 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపక తప్పదు. ఇంత స్పష్టముగా ముందే చెప్పనివారిని నమ్ముటకు కొంత ఆలోచింపవలయును.

మనుష్యుడు గుట్టు నిలిపినను యంత్రము నిలుపునా యనునది వేఱు ప్రశ్న. ఫిన్లండు దేశమున వస్తామో అను మానసిక చికిత్సా సంస్థనుండి ముప్పదివేలకు పైబడిన రోగుల వివరములు దొంగిలింపబడి, 2020లో ఆ రోగులకే బెదిరింపు లేఖలు పోయినవి. సొమ్మీయనిచో మీ రహస్యములు లోకమున చాటుదుమని. అమెరికాలో బెటర్‌హెల్ప్ అను సంస్థ తన యొద్దకు వచ్చినవారి సమాచారమును ప్రకటనలకై ఇతర సంస్థలకు చేరవేసినదని అచ్చటి ప్రభుత్వసంస్థ యభియోగము మోపగా, 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించుటకు అది ఒడంబడినది. అంత పెద్ద సంస్థలే యట్లు నడచుకొన్నపుడు, ఊరు పేరు లేని యాపులలో బిడ్డ పేరు, బడి పేరు, ఫొటో నింపుటకు ముందు తల్లిదండ్రులు జాగ్రత్త వహింతురు గాక. మాటలాడుటను రికార్డు చేయుదురా, చేసిన ఎచ్చట నుంతురు, ఎన్నాళ్ళుంతురు, మానుకొన్నచో చెఱపివేయుదురా అని అడిగి, జవాబును వ్రాతమూలముగా తీసికొనవలెను. మన దేశమున 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపువారిని బాలలుగా నెంచి, వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పినది.

తెరమీది చికిత్స అన్నిటికిని చాలునని మేము చెప్పుట లేదు. అన్నము మానిన పిల్లను తూచుటకు తెరకు చేతులు లేవు. లేనిగొంతులు వినబడుచున్నవను పిల్లవానిని, చేతులపై గాయములు చేసికొను పిల్లను, మత్తుపదార్థములకు అలవడినవానిని మొదట నేరుగా చూపవలయును. ఇంటిలోనివారే బాధించుచున్నచో, ఆ యింటిలోనుండి ఆ ఫోనులోనే బిడ్డ ఏమి చెప్పగలదు? అట్టివారికి 1098 అను బాలల సహాయసంఖ్య కలదు. సైకాలజిస్టు మొదటిదినమున బిడ్డ యున్న చిరునామా, దగ్గఱి ఆసుపత్రి, వెంటనే పరుగెత్తి రాగల యిద్దఱి ఫోను సంఖ్యలు వ్రాసికొనవలెను. మా బాలిక విషయమున ఆ యిద్దఱిలో మేమొకరము. నవంబరు నెలలో నొకరాత్రి పదునొకండు గంటలకు ఆ ఫోను వచ్చినది. సైకాలజిస్టు బాలికను మాటలలో నుంచగా, మేము స్కూటరుమీద పోయి తలుపు తట్టితిమి. మఱుగంటకు తల్లి విమానాశ్రయమునుండి వచ్చెను. తెల్లవాఱులు ముగ్గురము కూర్చుండి టీ త్రాగితిమి. తెల్లవాఱిన పిమ్మట డాక్టరునకు చూపగా కొలదిమోతాదున మందు మొదలు పెట్టెను. ఆ రాత్రి ఫోను ఎత్తువారు లేకున్న ఏమగునో మేము తలంపము.

ఆ బాలిక పదవ తరగతి పరీక్ష వ్రాసి, ఇప్పుడు ఇంటరు చదువుచున్నది. మందు ఆపివేయబడినది. సైకాలజిస్టుతో నెలకొకమాఱు మాటలాడును. బుగులు పూర్తిగా పోలేదనియు, వచ్చినపుడు దానికి పేరుపెట్టి పిలువ నేర్చితిననియు మాతో చెప్పినది.

విశాఖపట్టణమున మరణించిన ఒక విద్యార్థిని విషయమై వచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, నూఱుగురును అంతకు మించియు విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు బాలల మానసిక ఆరోగ్యమున శిక్షణ పొందిన కౌన్సెలరు నొకరినైనను నియమించుకొనవలెననియు, సహాయసంఖ్యలను తరగతిగదులలో అందఱికిని కనబడునట్లు వ్రాయింపవలెననియు ఆదేశించినది. మా కార్యవర్గమువారు కౌన్సెలరు కొఱకు ప్రకటన ఇచ్చియున్నారు. 14416 అను సంఖ్య ప్రతి తరగతి నల్లబల్లమీద కుడిమూలను తెల్లరంగుతో వ్రాయింపబడినది; సుద్దతో వ్రాసిన యెడల ఆకతాయిలు మొదటి వారములోనే 14420 చేసిరి. పటములగది మంగళవారమును శుక్రవారమును నాలుగు గంటలనుండి ఆఱు గంటలవఱకు తెఱచియుండును. తాళపుచెవి మాయొద్దను, బాలికల కొఱకు గ్రంథపాలకురాలి యొద్దను దొరకును. ఎందుకని ఎవరును అడుగరు.